ఇనుము మీద ఆరువేల కుట్లు

ఆ రోజు పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి మిషను ఆన్ చెయ్యాలి. పదింటికల్లా ఇనుప షీటు కోసెయ్యాలి. పదకొండింటికి రంగు వెయ్యాలి. ఒంటిగంటకు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ వచ్చేసరికి, చిహ్నం బిగించిన గేటు పక్కన చేతులు కట్టుకొని నిలబడాలి. ఆ తర్వాత సైకిలు మీద ఇనుము కటింగ్ షాపు ముందు నుంచి, ఏ పనీ లేకుండా, రెండుసార్లు అటూ ఇటూ వెళ్ళాలి. గేట్ల మేస్త్రికి వీటన్నిటిలోకీ ముఖ్యమైనది ఆ ఆఖరి పనే.

వీధిలో ఆయన్ని చిటపట మేస్త్రి అంటారు. వెల్డింగు నిప్పురవ్వల వల్ల ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పొద్దున చెప్పు తొడుక్కుంటుంటే బొటనవేలు సరిగ్గా దూరకపోయినా చెప్పుల షాపు వాడి ఏడు తరాలనూ కడిగేసే మనిషి. అలాంటి మనిషికి కటింగ్ షాపు యజమాని తగిలాడు.

ఇనుప షీటు మీద నగిషీలు, బొమ్మలు, అక్షరాలు కోయాలంటే చేతి కటింగుతో కుదరదు. కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ, కరెంటు మంటతో ఇనుము కోసే ప్లాస్మా టార్చి కావాలి. అది ఆ చుట్టుపక్కల ఒక్క కటింగ్ షాపులోనే ఉంది. దాని యజమాని ఎప్పుడు వెళ్ళినా, ఎవరు వెళ్ళినా, తల ఎత్తకుండా ఒకటే మాట అనేవాడు. "గురువారం రండి." అందుకని ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయి గురువారం అనే పిలుస్తున్నారు.

మూడు నెలల కిందట, వరసగా నాలుగో గురువారం ఉత్తి చేతులతో తిరిగి వెళ్ళమన్నప్పుడు మేస్త్రి షాపులోనే ఒంటికాలి మీద లేచాడు. "నాలుగు గురువారాలయ్యాయయ్యా! నేనేమన్నా ఉపవాసాలు చేస్తున్నానా?"

"అంత తొందరైతే మిషను నువ్వే చేసుకో మేస్త్రీ" అన్నాడు గురువారం. అక్కడున్న ఆరుగురూ నవ్వారు.

"చేసుకుంటా! నీ గుమ్మం మళ్ళీ తొక్కితే నా పేరు మార్చుకుంటా!" అని వచ్చేశాడు. వచ్చాక గాని, చేసుకోవడం ఎలాగో తనకు తెలియదని గుర్తు రాలేదు.

అప్పుడు బామ్మర్ది రంగంలోకి దిగాడు. సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఆ కుర్రాణ్ణి ఇంట్లో అందరూ వీడియో అంటారు. ప్రపంచంలో ఏ పని అడిగినా "నేను వీడియో చూశాను" అంటాడు, చేశాను అని మాత్రం అనడు. "బావా, ఇందులో ఏముంది? టార్చి అటూ ఇటూ కదలాలి, ముందుకీ వెనక్కీ కదలాలి. మోటార్లు, బోర్డు నేను చూసుకుంటా. ఇనుం పని నీది" అన్నాడు.

మేస్త్రికి జన్మలో తెలిసింది గేట్లు ఒక్కటే. అందుకని ఆ మిషనును కూడా గేటులాగే చేశాడు. ఒక చిన్న గేటు అడ్డంగా జారుతుంది, దాని మీద ఇంకా చిన్న గేటు నిలువుగా జారుతుంది, దానికి టార్చి వేలాడుతుంది. వీటికి అడుగున ఉండే టేబులు ఫ్రేముకు ఇంట్లోని ఇనప మంచం పోయింది. నిప్పురవ్వలు పడే నీళ్ళ తొట్టికి బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు పోయింది. షెడ్డు ఇరుకు కాబట్టి పక్కకు నెట్టుకోవడానికి వీలుగా టేబులు కాళ్ళకు కూడా గేటు చక్రాలే పెట్టాడు. చక్రాలకు గొళ్ళెం మాత్రం పెట్టలేదు. ఏ గేటుకైనా గొళ్ళెం చిట్టచివర పెట్టడం ఆయన అలవాటు.

ఇక మిగిలింది కంప్యూటరు. అది ఇంట్లో ఒకటే ఉంది. అది భార్యది. ముందు గదిలో ఆమె ఎంబ్రాయిడరీ మిషను నడుపుతుంది. డిజైను కంప్యూటర్లో ఒక్కొక్క కుట్టే పేర్చి తయారు చేసి మిషనుకు ఎక్కిస్తే, సూది తన పని తాను చేసుకుపోతుంది. గేటు ఏ స్కూలుదో, ఆ స్కూలు పిల్లల చొక్కా బ్యాడ్జీలు కుట్టే పని ఆమెకే వచ్చింది. తెరిచిన పుస్తకం మీద వాలిన పిట్ట. అదే స్కూలు చిహ్నం.

"మంచం పోయింది, టబ్బు పోయింది, ఇప్పుడు కంప్యూటరా?" అంది ఆమె ఆ ఉదయం. "నేనెప్పుడు పోవాలో కూడా ముందే చెబితే బట్టలు సర్దుకుంటాను."

"ఒక్క పూట! నీ దారం పని ఒక పూట ఆపితే కొంపలేం మునగవు" అన్నాడు మేస్త్రి.

ఆమె ముఖం గంటు పెట్టుకుంది. మూడు నెలలుగా ఆ మాట వింటూనే ఉంది. "నేను కుట్టేసిన బ్యాడ్జీలు స్కూల్లో ఇచ్చి వస్తాను. ఇంకా అరవై ఉన్నాయి, ఒంటిగంటకి మేడం వాటికోసం కూడా వస్తారు. మధ్యాహ్నం నేనొచ్చేసరికి మీ చిటపటలు అయిపోవాలి" అని సంచీ తీసుకొని వెళ్ళిపోయింది.

తొమ్మిదికి ఐదు నిమిషాలున్నాయనగా మేస్త్రి చెయ్యి చాచాడు. "డ్రాయింగు ఏదిరా?"

వీడియో నీళ్ళు నమిలాడు. "ఏ డ్రాయింగు బావా?"

"పిట్ట డ్రాయింగు! మూడు నెలల్నించీ గీస్తున్నానన్నావే!"

"గియ్యడం ఎందుకు బావా, అక్క కంప్యూటర్లో ఉందిగా. అదే పిట్ట, అదే పుస్తకం. మూడంగుళాల బ్యాడ్జీని మూడడుగులు చేస్తే నీ షీటుకి సరిపోతుంది. కుట్టు ఫైలుని మన మిషను భాషలోకి మార్చే ప్రోగ్రాముంది. వీడియో చూశాను."

మేస్త్రికి అది చాలా తెలివైన మాటలాగే వినిపించింది. ఒక చిహ్నం రెండుసార్లు గీయడం దండగే కదా. షీటు ఒక్కటే ఉంది, ఆ మందం గురువారం షాపులో తప్ప ఇంకెక్కడా దొరకదు. దాన్ని టేబులు మీద సర్ది, టార్చి సరిచూసి, మిషను ఆన్ చేశాడు.

గేట్లు జారాయి. టార్చి దిగింది, ఫట్‌మని ఒక నీలం మెరుపు, సన్నని రంధ్రం. టార్చి లేచింది, కొంచెం జరిగింది, మళ్ళీ దిగింది. ఫట్. ఇంకో రంధ్రం. ఫట్. ఇంకోటి.

"కొయ్యదేంరా? పొడుస్తోందేం?"

వీడియోకీ తెలియదు. కాని తెలియదని చెప్పడం అతనికి చేతకాదు. "ముందు చుక్కలు పెట్టుకుంటుంది బావా. తర్వాత ఆ చుక్కల వెంబడి గీత కోస్తుంది. నువ్వు పంచి కొట్టుకోవా, కొయ్యబోయే ముందు?"

ఆ మాటతో మేస్త్రి పడిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఏ షీటునూ గురుతు పెట్టకుండా కోయలేదు. గీత గీసి, దాని మీద సుత్తితో పంచి చుక్కలు కొట్టి, అప్పుడే కోత. చదువుకున్నవాళ్ళు చేసిన మిషను కూడా తన పద్ధతే పాటిస్తోందని తెలిసి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మిషనంటే ఇట్లా ఉండాలి. ఆ గురువారంగాడి మిషనుకి ఈ బుద్ధి ఉందా?" అన్నాడు. కంప్యూటరు తెర మీద మొత్తం ఆరువేల రెండు వందల స్టెప్పులని చూపిస్తోంది. మేస్త్రి స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

పది నిమిషాల తర్వాత మేడ మీద ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టరు కిందికి వచ్చారు. ఆయన ఇంటికి కొత్తగా తీగ లేని కాలింగ్ బెల్లు పెట్టించుకున్నారు.

"మీ బామ్మర్దిని కాస్త అదుపులో పెట్టండి. నా బెల్లు కొట్టి పారిపోతున్నాడు."

"వాడు ఇక్కడే నా పక్కనే ఉన్నాడండీ! కళ్ళు కనిపించట్లేదా?" అని మేస్త్రి గయ్‌మన్నాడు. పని మధ్యలో మాట్లాడితే ఆయనకు చిర్రెత్తుతుంది.

మాస్టరు పైకి వెళ్ళారు. మళ్ళీ బెల్లు. తలుపు తీశారు, ఎవరూ లేరు. తలుపు వేశారు, బెల్లు. ఈసారి చేతికర్ర పట్టుకొని తలుపు వెనక నక్కి కూర్చున్నారు. బెల్లు మోగగానే ఒక్క ఉదుటున తలుపు తీసి కర్ర ఝళిపించారు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన పాలమ్మాయి క్యాను అక్కడే వదిలేసి కిందికి పరుగెత్తింది. పాలు మెట్ల మీద పారాయి. ఆ అమ్మాయి వీధిలో నిలబడి మాస్టరుని తిట్టింది, మాస్టరు బాల్కనీలో నిలబడి పాలు పోసే వేళ గురించి తిట్టారు, ఇద్దరూ కలిసి షెడ్డులో చప్పుడు చేస్తున్న మేస్త్రిని తిట్టారు. మేస్త్రి ముగ్గురి వంతూ తిట్టాడు. టార్చి మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా ఫట్, ఫట్ అని పొడుస్తూనే ఉంది.

పన్నెండు దాటాక భార్య తిరిగి వచ్చింది. షెడ్డు వైపు చూడకుండా ముందు గదిలోకి వెళ్ళి, డిజైను ఎక్కించి ఉంచిన ఎంబ్రాయిడరీ మిషను ఆన్ చేసింది. సూది నాలుగు కుట్లు వేసి కీచుమని ఆగింది. దారం తెగిందని చూపించింది. దారం తెగలేదు. మళ్ళీ ఆన్ చేసింది, మళ్ళీ ఆగింది. ఆరోసారి ఆగినప్పుడు ఆమె చెవిన షెడ్డులోని ఫట్ పడింది. సరిగ్గా అదే క్షణం. ఆమె కత్తెర చేత్తోనే షెడ్డులోకి వచ్చింది.

"ఇంకా అవలేదా? మీ టార్చి మెరిసినప్పుడల్లా నా మిషను చస్తోంది. ఒంటిగంటకి మేడం వస్తే నేనేం చూపించాలి, మీ ముఖమా?"

"ఉండవే! చుక్కలు పెట్టడం అయిపోవచ్చింది, ఇంక కొయ్యడమే!"

"ఏం చుక్కలు?" అని ఆమె టేబులు మీదికి వంగింది. వేలితో గాలిలోనే చుక్కల వెంట వెళ్ళింది. పుస్తకం అంచు, రెక్క అడుగు వరస, దాని మీద పై వరస, ఈకలు తిరిగే చోటు. "ఇవి చుక్కలు కాదు, నా కుట్లు. సూది ఎక్కడెక్కడ దిగుతుందో అక్కడక్కడ మీ టార్చి దిగుతోంది. ఇది కొయ్యదు. కొయ్యమని అందులో ఎక్కడా లేదు. మీరు ఇనుముకి ఎంబ్రాయిడరీ చేస్తున్నారు."

మేస్త్రి నెమ్మదిగా బామ్మర్ది వైపు తిరిగాడు. వీడియో అప్పటికే గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మేడ మీద స్టేషన్ మాస్టరు బాల్కనీలోకి వచ్చారు. షెడ్డులో నీలం మెరుపు, ఇంట్లో బెల్లు. మెరుపు, బెల్లు. జీవితమంతా సిగ్నళ్ళు చూసిన మనిషికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. చెప్పులైనా వేసుకోకుండా, పాల జిడ్డు వదలని మెట్ల మీద జారుకుంటూ దిగి, మెట్ల కింద ఉన్న మెయిన్ స్విచ్చి లాగిపారేశారు.

మిషను ఆగింది. కంప్యూటరు ఆగింది. టార్చికి గాలి కొట్టే కంప్రెసరు బుస్సుమని చల్లబడింది. ఆ నిశ్శబ్దంలో నలుగురూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు.

"నలభై ఏడుసార్లు లేచాను! లెక్కపెట్టాను!"

"నా అరవై బ్యాడ్జీలు!"

"బావా, వీడియోలో అయితే—"

"ఇంకోసారి వీడియో అన్నావంటే నిన్ను ఈ టేబులు మీద పడుకోబెట్టి ఆన్ చేస్తా!" అని మేస్త్రి గర్జించాడు. గోడ గడియారంలో ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలు. షీటు పోయింది. ఇంకో షీటు లేదు. ఇంకో పది నిమిషాల్లో హెడ్‌మిస్ట్రెస్ వచ్చి గేటు నడుమ ఖాళీ చోటు చూస్తుంది. చూసి, ఆ చిహ్నం పని గురువారానికి ఇస్తుంది. ఆ ముక్క ముందే చెప్పింది. అప్పుడు ఆ షాపు గుమ్మం తొక్కి, గురువారం కోసిన పిట్టను చేతులతో మోసుకొచ్చి, తన గేటుకు తనే బిగించాలి. ఆ ఆరుగురూ మళ్ళీ నవ్వుతారు. మేస్త్రికి ఏడుపు వచ్చింది. ఏడవడం రాని మనిషి కాబట్టి, బలంకొద్దీ టేబులును ఒక తన్ను తన్నాడు.

గొళ్ళెం లేని టేబులు కదిలింది. ఆయన పెట్టిన చక్రాలు మంచివి. షెడ్డు గుమ్మం ముందు వాలు ఉంది. మంచం, టబ్బు, రెండు గేట్లు, షీటు అన్నీ కలిసి వీధి వైపు మర్యాదగా బయల్దేరాయి. టబ్బులోని నల్లనీళ్ళు మాస్టరు కాళ్ళ మీద ఒలికాయి. "అక్క కంప్యూటరు!" అని వీడియో తీగలతో సహా దాన్ని కావిలించుకొని టేబులు పక్కనే పరుగెత్తాడు. మేస్త్రి వెనకనుంచి పట్టుకోబోయి, టేబులు మీదున్న చేతి తొడుగు ఒక్కటే దక్కించుకున్నాడు.

అప్పుడే వీధిలో ఒక తెల్లటి వ్యాను ఆగింది. గురువారం దిగాడు, వెనకే హెడ్‌మిస్ట్రెస్ దిగింది. మేస్త్రి పని చెడితే ఎందుకైనా మంచిదని తన షాపులో షీటు సిద్ధం చేసుకొని, ఆవిడను తనే వెంటబెట్టుకొచ్చాడు. ముఖం నిండా నవ్వుతో "ఏం మేస్త్రీ, మిషను బాగా నడుస్తోందా?" అని అడగబోయాడు. టేబులు వచ్చి వ్యాను తలుపును ఢీకొంది. దాని మీది షీటు జారి, తలుపుకు ఆనుకొని ఏటవాలుగా నిలబడింది.

"నా తలుపు! కొత్త వ్యానయ్యా! ఈ సొట్ట ఎవడు తీస్తాడు?"

"గురువారం తీసుకురా, చూద్దాం!" అన్నాడు మేస్త్రి. ఆ పరిస్థితిలో కూడా ఆ మాట అన్నందుకు ఆయనకు కొంచెం హాయిగా అనిపించింది.

హెడ్‌మిస్ట్రెస్ మాత్రం ఎవరినీ చూడటం లేదు. ఎండ నడినెత్తిన ఉంది. షీటు నీడ రోడ్డు మీద పడింది. ఆ నీడలో ఆరువేల వెలుగు చుక్కలతో ఒక పిట్ట, తెరిచిన పుస్తకం మీద వాలి ఉంది. ఒక్కో ఈక ఎటు తిరగాలో అటు తిరిగింది. ఆవిడ చేతిసంచీలోంచి పొద్దున ఇచ్చిన బ్యాడ్జీ ఒకటి తీసి, దాన్నీ, రోడ్డునూ మార్చి మార్చి చూసింది.

"మేస్త్రీ, ఇది మీరు చేశారా?"

"క్షమించండి మేడం, చెడిపోయింది. ఇప్పుడే గ్రైండరుతో ముక్కలు చేసి పారేస్తా" అని మేస్త్రి పళ్ళు కొరుకుతూ అన్నాడు.

"చెడిపోవడమేంటి? ఇంత అందంగా ఉంటే!"

"కాదండీ, ఇది తప్పు! తప్పంటే తప్పే! కొయ్యాల్సింది, పొడిచింది!" మేస్త్రికి నిజంగా కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ పనివాడి ముందు చెడిన పనిని మెచ్చుకోవడం ఆయన ఒప్పుకోలేకపోయాడు.

"మీ మేస్త్రిగారికి వినయం ఎక్కువలా ఉందమ్మా" అంది ఆవిడ, మేస్త్రి భార్యతో. వినయం అనే మాట ఆయన విషయంలో వాడటం విని స్టేషన్ మాస్టరుకు దగ్గొచ్చింది. "ఎవరు పేర్చారమ్మా ఈ చుక్కలు?"

"నేనే మేడం. అవి కుట్లు" అంది ఆమె. "కాని ఇంకా పూర్తవలేదు. పిట్టకి కన్ను లేదు. కన్ను నేను చిట్టచివర కుడతాను. అంతలో కరెంటు పోయింది."

ఆమె కొంగు ముడిలోంచి సుద్దముక్క తీసి, షీటు మీదికి వంగి, ఒక్క క్షణం కూడా కొలవకుండా చిన్న గురుతు పెట్టింది. భర్త వైపు చూసింది. "ఇక్కడ. ఒక్కటే. సన్న బిట్టుతో."

వీధి అంతా చూస్తోంది. గురువారం చూస్తున్నాడు. మేస్త్రి మాస్టరును మెయిన్ వెయ్యమని సైగ చేసి, డ్రిల్లు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పంచి కొట్టుకోకుండా రంధ్రం వెయ్యడం అదే మొదటిసారి. బిట్టు దిగింది, వెలుగు బయటికొచ్చింది, రోడ్డు మీద పిట్ట కన్ను తెరిచింది. మూడు నెలలుగా తను దారం పని అని తీసిపారేసింది ఇదా అని ఆయనకు సిగ్గేసింది. సిగ్గేసిందని కోపం వచ్చింది.

ఒంటిగంటన్నరకు ఆ షీటును ఆయనే గేటుకు బిగించాడు. అరవై బ్యాడ్జీలకు మేడం మర్నాటి దాకా గడువిచ్చింది. వెళ్ళబోతూ, స్కూలు కిటికీలన్నిటికీ ఇలాంటి షీట్లే కావాలని చెప్పింది. చెప్పింది మేస్త్రికి కాదు, ఆయన భార్యకు.

నెల తిరిగేసరికి ముందు గది గుమ్మం పక్కన ఒక బెంచీ వెలిసింది. టేబులు చక్రాలకు గొళ్ళెం పడింది. మాస్టరు తీగ ఉన్న బెల్లు పెట్టించుకున్నారు. మేస్త్రి షీటు సర్దుకొని, టార్చి సరిచూసుకొని, డిజైను కోసం వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ రెండో చివర అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కటింగ్ షాపులో కూడా ఈ మధ్య అందరూ కుట్ల షీట్లే అడుగుతున్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గోడను చూస్తూ అరగంట గడిపారు.

చివరికి మేస్త్రి ఆగలేక ఒంటికాలి మీద లేచాడు. "ఎంతసేపే! రెండో కిటికీ డిజైను అయిందా లేదా? నా మిషను ఖాళీగా ఏడుస్తోంది!"

ఆమె సూది మీదినుంచి తల ఎత్తలేదు.

"ఇద్దరూ గురువారం రండి" అంది.

ఆ రోజు శుక్రవారం.